తిరిగి అనలేని మాట: పనిచేసే చోట సూటిపోటి వ్యాఖ్యలు మనిషిని ఏం చేస్తాయి?

గోదావరి జిల్లాల్లో వెటకారం రానివాణ్ణి పాపం అమాయకుడి కింద జమకడతారు. రావులపాలెం అరటి మార్కెట్లో కానివ్వండి, భీమవరంలో చేపల లోడింగు దగ్గర కానివ్వండి, అమలాపురంలో ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా కానివ్వండి, మాటకు మాట తగిలించకుండా పూట గడవదు. అన్నవాడూ పడ్డవాడూ కలిసే టీకి వెళతారు. అందుకే సహోద్యోగుల మాటలు తనను బాధిస్తున్నాయని ఎవరైనా చెప్పుకుంటే డెల్టాలో మొదట వినబడే సమాధానం ఒకటే: "మనవాళ్ళ మాట తీరే అంతండీ, పట్టించుకోకూడదు." చాలా సందర్భాల్లో ఆ సమాధానం సరైనదే. సరికాని సందర్భాలు ఏవో, అప్పుడు ఆ మాటలు మనిషి ఆరోగ్యాన్నీ పనినీ ఏ దారిలో దెబ్బతీస్తాయో విడమరచి చూడవలసిన అవసరం ఉంది.

ఈ విషయానికి ఒక పేరు పెట్టి చర్చకు తెచ్చినవారు అమెరికాలోని నల్లజాతి మానసిక వైద్యుడు, హార్వర్డ్ ఆచార్యుడు చెస్టర్ పియర్స్. 1970లో ఆయన 'మైక్రోఅగ్రెషన్' అనే మాటను వాడారు. కొట్టడం, తిట్టడం, ఉద్యోగం ఇవ్వకపోవడం వంటి బాహాటమైన వివక్షకు దిగువన, రోజువారీ పలకరింపుల్లోనూ చూపుల్లోనూ నల్లవారిని తక్కువ చేసే చిన్న చిన్న చర్యలు ఆగకుండా సాగుతుంటాయనీ, విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ అల్పంగానే కనబడినా వాటి మొత్తం బరువు అల్పం కాదనీ ఆయన వాదించారు. 2007లో డెరాల్డ్ వింగ్ స్యూ, ఆయన సహచరులు వీటిని మూడు రకాలుగా విడదీశారు. తెలిసి, కావాలని చేసే అవమానం మొదటిది. మెచ్చుకోలులాగో మామూలు మాటలాగో పైకి కనబడుతూ లోపల చిన్నచూపును మోసుకొచ్చేది రెండోది. ఇది అన్నవారికే తెలియకపోవచ్చు. అవతలివారి అనుభవాన్నే కొట్టిపారేయడం మూడోది. "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ, అంతా మీ అనుమానం" అన్న మాట ఈ మూడో రకానికి చెందుతుంది.

అయితే అమెరికాలో తయారైన ఈ చట్రాన్ని ఉన్నదున్నట్టుగా కోనసీమకు తెచ్చి, జాతి అని ఉన్నచోట కులం అని దిద్దుకుంటే సరిపోదు. చర్మం రంగు చూడగానే తెలుస్తుంది. కులం అలా తెలియదు, అడిగి తెలుసుకోవాలి. అందువల్ల ఇక్కడ మొదటి దెబ్బ చాలాసార్లు ప్రశ్న రూపంలో వస్తుంది. కొత్తగా చేరిన ఉద్యోగిని "మీదే ఊరండీ?" అని అడగడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఊరి పేరు చెప్పాక "ఊళ్ళో ఎటువైపు?" అని అడగడం, ఆ తరువాత ఇంటిపేరు అడగడం, అదీ తేల్చకపోతే "మనోళ్ళేనా?" అని నవ్వుతూ ఆరా తీయడం వరుసగా జరిగినప్పుడు, అడుగుతున్నది చిరునామా కాదని ఇద్దరికీ తెలుస్తుంది. సమాధానం విన్న తరువాత అవతలి ముఖంలో వచ్చే మార్పును చదవడం ఆ ఉద్యోగికి చిన్నప్పటి నుంచీ అలవాటే. మరునాటి నుంచి "రిజర్వేషన్‌లో వచ్చారా, ఓపెన్‌లో వచ్చారా?" అన్న ప్రశ్న మొదలవుతుంది. అదే నోటిఫికేషన్‌లో, అదే రోజు చేరిన పక్క సీటాయనను మాత్రం ఎవరూ అలా అడగరు.

ఇతరుల విషయంలో రూపం మారుతుంది. ముస్లిం సహోద్యోగితో "మీరు భలే తెలుగు మాట్లాడతారండీ" అంటారు. ఆయన తాతముత్తాతలు కూడా కాకినాడలోనే పుట్టి ఉండవచ్చు. మహిళా ఉద్యోగికి ముఖ్యమైన ఫైలు ఇవ్వకుండా "మీకు ఇంటి దగ్గర పిల్లలుంటారు కదమ్మా, శ్రమ ఎందుకని" అంటారు. పిల్లలు అక్కడున్న మగవాళ్ళకూ ఉంటారు. వికలాంగుడైన ఇంజనీరును అడగకుండానే ఫీల్డు పని నుంచి తప్పిస్తారు. ఇవన్నీ మంచితనం ఒలకబోస్తూ వచ్చేవి కాబట్టి వీటికి అభ్యంతరం చెప్పడం మరీ కష్టం.

గోదావరి మాటకు ఒక ప్రత్యేకత ఉంది. "ఆయ్", "అండీ" లేకుండా ఇక్కడ వాక్యం పూర్తికాదు. పరిచయం లేని పదేళ్ళ పిల్లవాడికి కూడా "ఏవండీ, కాస్త జరుగుతారా" అని చెప్పే సీమ ఇది. కాబట్టి 'అండీ' లేకపోవడం ఇక్కడ గట్టిగా వినబడుతుంది. ఒకే హోదాలో ఉన్న నలుగురు గుమాస్తాల్లో ముగ్గురిని 'గారు' అంటూ పిలిచి, నాలుగో మనిషిని "ఏమయ్యా" అనో ఉత్త పేరుతోనో పిలిస్తే ఫిర్యాదులో రాయడానికి ఏమీ దొరకదు. "చనువు కొద్దీ పిలిచాను" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ చనువు రెండువైపులా ఉందా అన్నది తెలుసుకోవాలంటే, ఆ నాలుగో మనిషి తిరిగి ఈయనను "ఏమయ్యా" అని పిలవగలడా అని చూస్తే చాలు.

టీ సంగతి కూడా ఇలాంటిదే. మండల కేంద్రంలో ఒక చిన్న ఆఫీసును ఊహించుకోండి. పదకొండు గంటలకు ఎదురు కొట్టు కుర్రాడు వైరు స్టాండులో గాజు గ్లాసులు పెట్టుకుని వస్తాడు. హెడ్డు గుమాస్తాకు, క్యాషియరుకు, టైపిస్టుకు గ్లాసులు దించి, కిటికీ పక్క సీటులో ఉన్నావిడ దగ్గరకు వచ్చేసరికి జేబులోంచి పేపరు కప్పు తీసి, గ్లాసులో టీ అందులోకి వంచి ఇస్తాడు. ఎవరు చెప్పారో తెలియదు, ఎప్పుడు మొదలైందో తెలియదు. దళితులకు వేరే గ్లాసు పెట్టే, పల్లెల్లో ఒకప్పుడు బాహాటంగా నడిచిన రెండు గ్లాసుల పద్ధతి పేపరు కప్పు వచ్చాక శుభ్రత పేరుతో మర్యాదస్తురాలైంది. ఆవిడ గ్లాసు అడిగితే "కప్పు శుభ్రమండీ మేడమ్, అందుకే" అంటారు. అడగకపోతే రేపూ అదే కప్పు. కొన్నాళ్ళకు ఆవిడ టీ మానేసిందంటారు. "ఎవరితోనూ కలవదు" అన్న పేరు కూడా అక్కడే మొదలవుతుంది.

వెటకారాన్నీ అవమానాన్నీ వేరుచేసేది మాటలోని ఘాటు కాదు, తిరిగి అనగలిగే వీలు. ఇద్దరు లెక్చరర్లు ఒకరి బట్టతల మీద ఒకరు ఛలోక్తులు విసురుకుంటే అది కాలక్షేపం. ప్రిన్సిపాలు కాంట్రాక్టు లెక్చరరు మీద విసిరితే, జీతం బిల్లు మీద సంతకం పెట్టే చేతికి ఎదురు చెప్పలేక ఆయన నవ్వుతాడు. ఆ నవ్వును అందరూ అంగీకారంగా లెక్కవేస్తారు. ఇక్కడ ఎదుటివాళ్ళను ఆటపట్టించిన అమలాపురం కుర్రాడే హైదరాబాద్ ఐటీ కంపెనీలో శిక్షణ ఉద్యోగిగా చేరాక ప్రతి మీటింగులోనూ "ఏదీ, ఒకసారి ఆయ్ అను" అని అడిగించుకుంటాడు. ఆరేళ్ళ అనుభవం వచ్చాక అదే మాటకు నాలుగు మాటలు తిప్పికొడతాడు, అప్పుడది సరదా అవుతుంది. మొదటి ఆరు నెలల్లో మాత్రం మీటింగులో నోరు విప్పడం తగ్గించేస్తాడు.

అయితే సమానుల మధ్య మాటకు మాట ఎప్పుడూ క్షేమమేనని అనడానికీ లేదు. లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ అనే నిర్వహణశాస్త్ర పరిశోధకులు 1999లో ప్రచురించిన వ్యాసంలో, ఉద్యోగ స్థలంలోని చిన్నపాటి అమర్యాదకు ప్రధాన లక్షణం దాని ఉద్దేశం తేలకపోవడమేనని చెప్పారు. ఒకరు అన్నదానికి మరొకరు ఇంకాస్త ఎక్కువగా బదులిస్తూ పోతే ఎక్కడో ఒకచోట అది బాహాటమైన కలహంగా మారుతుందన్నది వారి వాదన. మన ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి మాటలు లేని సీనియర్లు ఎందుకున్నారో తవ్విచూస్తే, అడుగున తరచుగా ఇలాంటి సరదా మాటే దొరుకుతుంది.

ఇక ఇది మనిషిని ఎలా దెబ్బతీస్తుందన్నది చూద్దాం. బాహాటంగా తిడితే కోపం వస్తుంది, ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అవునో కాదో తేలని మాట అయితే మనసు లెక్కలు కట్టడం మొదలుపెడుతుంది. ఆయన నన్నే అన్నాడా? అందరినీ అంటాడా? నా పని నిజంగా బాగాలేదా, లేక నేనెవరో తెలిసి అలా అన్నాడా? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేలని స్థితి మీద ప్రత్యేకంగా పరిశోధించారు. అందులో అన్నిటికంటే నష్టం కలిగించేదని నాకు అనిపించేది ఒకటుంది: ఇలాంటి వాతావరణంలో నిజాయితీగా చెప్పిన విమర్శ కూడా పనికిరాకుండా పోతుంది. పై అధికారి "ఈ నోటు సరిగా రాయలేదు" అన్నప్పుడు, పక్క సీటువాడు దాన్ని నోటు గురించిన మాటగా తీసుకుని దిద్దుకుంటాడు. సూటిపోటి మాటలు పడుతున్న ఉద్యోగికి అదే వాక్యం రెండు రకాలుగా వినబడుతుంది. ఏది నిజమో తేల్చుకోలేడు. మెచ్చుకోలు వచ్చినా అంతే, "మీవాళ్ళలో ఇంత బాగా రాసేవాళ్ళు ఉండరు" అన్న మాట గుర్తుకొచ్చి అది కూడా చేదవుతుంది. పని నేర్చుకోవడానికి విమర్శా మెచ్చుకోలూ రెండే ఆధారాలు కాగా, అతనికి ఆ రెండూ నమ్మదగనివి అవుతాయి. పదేళ్ళకు ఇద్దరి పనితనంలో తేడా కనబడితే దాన్ని ప్రతిభలో తేడా అంటారు.

ఈ తేడా ఎంత త్వరగా పుట్టగలదో చూపిన పరిశోధన మన దేశంలోనే జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో అగ్రకులాలకు చెందిన 321 మంది, నిమ్నకులాలకు చెందిన 321 మంది మగపిల్లల చేత కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడి పజిళ్ళు చేయించి, చేసినవాటికి డబ్బు ఇచ్చారు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు రెండు బృందాల ఫలితాల్లో కులాన్ని బట్టి తేడా లేదు. అందరి ముందూ పేరుతోపాటు కులం కూడా చదివాక, నిమ్నకులాల పిల్లల ఫలితం బాగా పడిపోయి పెద్ద అంతరం ఏర్పడింది. ఆ పిల్లలను ఎవరూ తిట్టలేదు, బెదిరించలేదు. నలుగురిలో కులం పేరు చదివారు, అంతే. బహుమతిని మనుషుల తీర్పు కాకుండా లాటరీ కొంత నిర్ణయించేలా చేసినప్పుడు ఆ అంతరం పోయింది. అంటే పిల్లల తెలివి తగ్గలేదు. తమ పనిని న్యాయంగా చూస్తారన్న నమ్మకం తగ్గింది. ప్రమోషను పరీక్షకు దరఖాస్తు పెట్టుకోని, శిక్షణకు పేరు ఇవ్వని ఉద్యోగిని "వాళ్ళకే ఆసక్తి లేదండీ" అని తేల్చేసే ముందు ఈ ఫలితాన్ని గుర్తు చేసుకోవాలి.

శరీరం మీద ప్రభావానికి దారి వేరు. అపాయం ఎదురైనప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలై గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ఇది ప్రాణరక్షణ కోసం ఏర్పడిన ఏర్పాటు. అపాయం గడిచాక తగ్గిపోవాలి. తగ్గకుండా పదేపదే మేల్కొంటూ ఉంటే, రక్షించవలసిన ఆ ఏర్పాటే గుండెనూ నిద్రనూ రోగనిరోధక శక్తినీ అరగదీస్తుంది. బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లార్ 1993లో ఈ అరుగుదలకు 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టారు. సూటిపోటి మాట నిజానికి ఐదు సెకన్లలో అయిపోతుంది. దాన్ని బస్సులో తలచుకోవడం, రాత్రి పడుకుని మళ్ళీ తలచుకోవడం, రేపు ఏమంటాడోనని ముందుగానే ఊహించుకోవడం వల్ల శరీరం మాత్రం ఆ ఐదు సెకన్లను గంటల తరబడి మోస్తుంది. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో మొదలయ్యే గాభరా, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, కారణం తేలని తలనొప్పులు, ఇంట్లో పిల్లల మీద విసుక్కోవడం ఇందులో భాగం కావచ్చు. రొయ్యల చెరువు పక్కన వరి చేను ఉన్న రైతును అడిగితే ఇది ఇంకా బాగా చెబుతాడు: ఉప్పు ఊట ఏ రోజు తన గట్టు దాటిందో అతను చూపించలేడు, కానీ మూడో పంటకు చేను చౌడుబారిందని చూపిస్తాడు.

నష్టం ఒక్క మనిషితో ఆగదు. పేపరు కప్పును రోజూ చూస్తూ ఏమీ అనని మిగతావాళ్ళు ఉంటారు. వాళ్ళలో కొత్తగా చేరిన కుర్రవాడికి ఆఫీసులో ఎవరిని ఎలా చూడాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, టీ వేళ చూసి నేర్చుకుంటాడు. బయట పెద్ద ఉద్రిక్తత రేగినప్పుడు ఈ చిన్న మాటలు మరింత పదునెక్కుతాయి. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయమై 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్లను దేశమంతా చూసింది. అలాంటి రోజుల్లో ఆఫీసులో ఇరవై మంది ఉండగా ఒక్కరినే పిలిచి "దీని మీద మీ అభిప్రాయమేంటండీ?" అని అడగడం ఏ వార్తలోనూ రాదు. ఆ ఒక్క మనిషి ఆ రోజంతా ఫైలు మీద దృష్టి పెట్టలేడు.

ఈ 'మైక్రోఅగ్రెషన్' భావన మీద గట్టి విమర్శ కూడా ఉంది, దాన్ని దాటవేయడం సరికాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కాట్ లిలియెన్‌ఫెల్డ్ 2017లో రాసిన సుదీర్ఘ వ్యాసంలో, ఏది సూక్ష్మ అవమానం, ఏది కాదు అన్న నిర్వచనమే వదులుగా ఉందనీ, ఆధారాలు ఎక్కువగా బాధితుల స్వయంకథనం మీదే నిలిచాయనీ, సహజంగా ప్రతిదాన్నీ ప్రతికూలంగా తీసుకునే స్వభావం ఉన్నవారు అవమానాలనూ ఆందోళననూ రెంటినీ ఎక్కువగా నమోదు చేస్తారు కాబట్టి ఒకటి మరొకదానికి కారణమని తేలలేదనీ వాదించారు. పరిశోధన బలపడేవరకు దీని పేరుతో జరిపే శిక్షణ తరగతులను ఆపాలని కూడా సూచించారు. ఇందులో చాలాభాగం న్యాయమైన విమర్శేనని నా అభిప్రాయం. ఇష్టంలేని ప్రతి మాటనూ ఈ ఖాతాలో రాస్తే ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు. వెటకారం లేని గోదావరి ఆఫీసులో పనిచేయమంటే నాకూ కష్టమే. కానీ అవతలివాడి మనసులో ఏముందో నిరూపించే అవసరం లేకుండానే గమనించగలిగేవి కొన్ని ఉన్నాయి: ఎవరిని ఎలా పిలుస్తున్నారు, ఏ ప్రశ్న ఒక్కరినే అడుగుతున్నారు, ఎవరి కప్పు వేరుగా ఉంది, మీటింగులో టీలు తెప్పించే పని ప్రతిసారీ ఎవరి మీద పడుతోంది. ఇవి లెక్కకు అందేవే.

చట్టం ఇక్కడ కొంతవరకే వస్తుంది. 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టం, ఆ వర్గాల వ్యక్తిని కించపరచాలనే ఉద్దేశంతో, బయటివారి కంటపడే చోట కావాలని అవమానిస్తే నేరంగా పరిగణిస్తుంది. ఉద్దేశం, చోటు రెండూ నిరూపించాలి. సూటిపోటి మాటకున్న కవచమే ఉద్దేశం తేలకపోవడం. మహిళల విషయంలో, పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం కొంత విస్తృతమైనది. లైంగిక వేధింపుతో ముడిపడి ఉన్నప్పుడు, ఆరోగ్యాన్నీ భద్రతనూ దెబ్బతీసే అవమానకరమైన ప్రవర్తన కూడా దాని పరిధిలోకి వస్తుంది. పదిమంది అంతకు మించి ఉద్యోగులున్న ప్రతిచోటా ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్న రైసుమిల్లు, కొట్టు, ప్రైవేటు క్లినిక్కు వంటి చోట్ల పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఫిర్యాదు మామూలుగా మూడు నెలల లోపల ఇవ్వాలి. తేదీ, చోటు, అన్న మాట, విన్నవారి పేర్లు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకొమ్మని చెప్పేది ఇందుకే. ఫిర్యాదు ఇవ్వకపోయినా ఆ కాగితం వల్ల ఒక ప్రయోజనం ఉంది: తాను ఊహించుకుంటున్నాడో లేదో ఆ మనిషికే తేలుతుంది.

ఫిర్యాదు దాకా వెళ్ళకుండా సర్దుబాటు అయ్యేవే ఎక్కువ, దానికి పక్కనున్నవాడు కావాలి. పడినవాడు అడిగితే "సున్నితం ఎక్కువ" అంటారు. అదే హోదా ఉన్న మరొకరు నవ్వకుండా, కోపం లేకుండా, "ఆ మాటకు అర్థమేంటండీ?" అని అడిగితే, అన్నవాడు వివరించుకోవలసి వస్తుంది. వివరిస్తే పరువు పోయే మాటను రెండోసారి ఎవరూ సులువుగా అనరు. ఆఫీసు పెద్ద చేయగలిగింది ఇంకా సులువు: అందరినీ 'గారు' అని తానే పిలవడం, అందరికీ ఒకే గ్లాసు తెప్పించడం, టీలు తెప్పించే బాధ్యత వంతులవారీగా వేయడం. ఈ మార్పులకు సర్క్యులర్ అక్కర్లేదు. నిద్ర, ఆకలి దెబ్బతినే దాకా వచ్చినవారికి 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ద్వారా తెలుగులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఈ ఉపాయాలన్నీ కుర్చీ, టేబులు, హాజరు పట్టీ ఉన్న ఉద్యోగులకు. డెల్టాలో వాళ్ళేకాక, పెద్ద సంఖ్యలో, తెల్లవారకముందే వ్యాన్లలో ఎక్కి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్ళే ఆడవాళ్ళున్నారు. తలలు తీసి, పెంకు వలిచే ఆ పనికి చాలామంది కాంట్రాక్టరు ద్వారా వస్తారు. టోపీ, మాస్కు, గ్లవుజులు, గమ్‌బూట్లు వేసుకున్నాక ముఖాలు ఆనవు. పిలుపు "ఏయ్" అనో, టేబులు నంబరుతోనో ఉంటుంది. బాత్రూముకు వెళ్ళి వస్తే "షికారు అయిందా మహారాణీ?" అంటాడు సూపర్‌వైజరు. అది అచ్చమైన గోదావరి వెటకారమే, టీకొట్టు దగ్గర సాటివాడితో అంటే పగలబడి నవ్వుతారు. ఆవిడ తిరిగి అంటే రేపు వ్యాను ఆమె ఇంటిముందు ఆగదు. అందువల్ల నీళ్ళు తాగడం తగ్గించుకుంటుంది. ఆ అలవాటు మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు దారితీస్తుందని ఏ డాక్టరైనా చెబుతారు. ఆమెకు జీతం ఇచ్చేది కాంట్రాక్టరు, అజమాయిషీ చేసేది కంపెనీ మనిషి కాబట్టి ఎవరికి చెప్పుకోవాలో కూడా తేలదు. కాంట్రాక్టరుతో రాసుకునే ఒప్పందంలో కిలోకు ఎంత అన్నదానితోపాటు, పనివాళ్ళను పేరు పెట్టి పిలవాలనీ, బాత్రూముకు వెళ్ళినందుకు మాటలనకూడదనీ ఒక షరతు చేర్చడం యాజమాన్యానికి రూపాయి ఖర్చు లేని పని. ఆ షరతు అమలవుతోందా అని నెలకోసారి పనివాళ్ళనే, సూపర్‌వైజరు లేని చోట, అడిగి తెలుసుకునే బాధ్యత కంపెనీలో ఫలానా అధికారిదని కూడా ఆ ఒప్పందంలోనే రాయాలి.